వెనుక ఆయిల్ సీలు గారికి క్షమాపణ లేఖ

క్రాంక్ షాఫ్ట్ చివరన, ఇంజనుకూ గేర్ బాక్సుకూ నడుమ ఎవరి కంటా పడకుండా, నూనెను బయటికి కారనివ్వకుండా ఏళ్ల తరబడి కొలువు చేసి, ప్రస్తుతం నా షెడ్డులోని పాత డబ్బాలో విశ్రాంతి తీసుకుంటున్న వెనుక ఆయిల్ సీలు గారికి,

మీపై మోపిన అభియోగాన్ని బేషరతుగా ఉపసంహరించుకుంటున్నాను. కాస్త ఆలస్యమైన మాట నిజమే. మీకు శిక్ష అమలై రెండు నెలలు దాటింది.

ఇరవై ఏళ్లు పైబడిన నా ఫోర్ వీల్ డ్రైవ్ బండి కింద ఒక ఉదయం నల్లటి చుక్క కనబడింది. వంగి చూస్తే, ఇంజను వెనుక క్లచ్చిని కప్పి ఉంచే బెల్ హౌసింగ్ అడుగున మరో చుక్క పడాలా వద్దా అన్నట్టు వేలాడుతోంది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, చుక్క అక్కడ ఉంది గనుక పోయింది మీరేనని నేను తేల్చేశాను. చూడవచ్చిన మెకానిక్ కూడా టార్చి వేసి, ఒకసారి నిట్టూర్చి, అదే తీర్పును ఖాయం చేశాడు. నూనె పల్లానికి జారుతుందనీ, నడిచే బండిలో గాలి దాన్ని వెనక్కి నెడుతుందనీ, అందుచేత ఇంజను పైభాగాన ఏ మూల కారినా అది చివరికి మీ గుమ్మం ముందే తేలవచ్చుననీ మా ఇద్దరికీ తెలియక కాదు. తెలిసిన సంగతి అవసరానికి గుర్తు రాకపోవడమన్నది మా ఉమ్మడి ప్రతిభ.

మీ దర్శనం సామాన్యులకు దొరికేది కాదు. రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పి, ముందు వెనుక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసునూ గేర్ బాక్సునూ దింపి, క్లచ్చీ ఫ్లైవీలూ తీస్తే తప్ప మీరు కనబడరు. పైగా వాగుల్లో, బురదలో తిరిగిన బండి కావడంతో ప్రతి బోల్టూ తుప్పుతో ఏకమై కూర్చుంది. మూడు రోజులు పట్టింది. తీరా తెరిస్తే క్లచ్ ప్లేటు పొడిగా ఉంది. మీరే కారుతూ ఉంటే ఆ నూనె బెల్ హౌసింగ్ లోపల పడి, లోగోడలన్నీ తడిసి, అటుపైన క్లచ్చి జారడం మొదలయ్యేది. నిర్దోషిత్వానికి ఇంతకు మించిన సాక్ష్యం ఏ న్యాయస్థానమూ అడగదు. నేను మాత్రం కొత్త ప్లేటు ఖర్చు తప్పిందని సంతోషించానే గాని, అది ఎందుకు పొడిగా ఉందని ఆలోచించలేదు. స్క్రూడ్రైవరు గుచ్చి మిమ్మల్ని పెకలించినప్పుడు మీ పెదవి ఇంకా మెత్తగానే ఉంది. అదీ చూశాను, చూసి డబ్బాలో పడేశాను.

మీ స్థానంలో కొత్తవారు చేరిన పదో రోజున చుక్క మళ్లీ అదే చోట ప్రత్యక్షమైంది. ఇంజను కడగాలన్న బుద్ధి నాకు అప్పుడు పుట్టింది. డీగ్రీజరు కొట్టి, ఏళ్లుగా పేరుకున్న జిడ్డునూ మట్టినీ వదిలించి, నూనెలో మెరిసే రంగు కలిపి, పావుగంట బండి నడిపి, చీకటి పడ్డాక అతినీలలోహిత దీపం పట్టుకుని బానెట్ ఎత్తాను. ఇంజను నెత్తిన మూతలా ఉండే ట్యాపెట్ కవరు వెనుక మూల నుంచి పసుపుపచ్చగా మెరుస్తూ సన్నని చార ఒకటి సిలిండర్ హెడ్ వెంబడి దిగి, బెల్ హౌసింగ్ భుజం మీదుగా వంపు తిరిగి, మీ గుమ్మం దగ్గర చుక్కగా ఆగింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తిన సంగతి ఆ వెలుగులో బాగా కనబడింది.

ఆ కవరు గ్యాస్కెట్ వేడికి గట్టిపడిపోయి, వంచబోతే పుటుక్కున విరిగింది. అయితే తప్పంతా దాని మీద తోసేయడానికీ వీల్లేదు. రెండేళ్ల కిందట అక్కడ కొంచెం చెమ్మ కనబడితే, కవరు బోల్టులను బలంకొద్దీ బిగించినవాణ్ణి నేనే. చాలా ఇంజన్లలో ఆ చిన్న బోల్టులకు 10 న్యూటన్ మీటర్ల చుట్టూ బిగువు చాలు; నా బిగువుకు రేకు అంచు బోల్టుల దగ్గర కుంగి, వాటి మధ్య లేచింది. ఆ సందులో సిలికాన్ పేస్టు కూడా ధారాళంగా పూశాను. బయటికి ఉబికినట్టే పేస్టు లోపలికీ ఉబుకుతుందనీ, ఆ ముక్క ఊడి ఇంజను అడుగున నూనె నిలిచే చాంబర్‌లో పడితే ఆయిల్ పంపు జల్లెడను మూసి ఇంజనుకే ఎసరు పెడుతుందనీ ఆ రోజు నాకు తట్టలేదు.

ఇంజను లోపలి వాయువులకు దారి ఇచ్చే, కవరు మీది పీసీవీ వాల్వును తీసి చెవి దగ్గర ఊపాను. బాగున్న వాల్వు టకటకమంటుంది. మడ్డి నిండిన ఇది మౌనవ్రతంలో ఉంది. పిస్టన్ రింగులను దాటి వచ్చే వాయువులకు ఆ దారి మూసుకుపోవడంతో లోపల ఒత్తిడి పెరిగి, ఏ సందు బలహీనమైతే ఆ సందులోంచి నూనెను తోసింది. తిలా పాపం తలా పిడికెడు అన్నారు గాని, ఈ పంపకంలో మీకు పిడికెడు కాదు, చిటికెడు కూడా రాలేదు.

వాల్వు మార్చాను. రేకు అంచును చెక్క మీద ఆనించి సరిచేసి, కొత్త గ్యాస్కెట్ వేసి, ఈసారి టార్క్ రెంచితో బిగించాను. వారం రోజుల పాటు బండి కింది అట్టముక్క శుభ్రంగా ఉంది.

ఈ ఉదయం దాని మీద చుక్క పడింది. ఎర్రగా ఉంది. ఇంజను నూనె ఎరుపు కాదు. నా బండి ట్రాన్స్‌ఫర్ కేసులో పోసే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) రంగు అది. మిమ్మల్ని శిక్షించడానికి దింపిన ఆ కేసును తిరిగి ఎక్కించేటప్పుడు అది జాకీ మీద ఒరిగి, తన బరువంతా షాఫ్టు సీలు మీద మోపిన సంగతి ఇంతవరకు నాకూ మెకానిక్‌కూ మాత్రమే తెలుసు.

ఇట్లు,
మీ ఫిర్యాదీ