రాజమండ్రి నల్లరాయి ఎక్కడి లావా?

కాతేరు, పంగిడి, గౌరీపట్నం వైపు క్వారీల్లో పేల్చి క్రషర్లకు తోలే నల్లరాయి బసాల్టే, అంటే ఒకప్పటి లావా. ఇక్కడే ఎక్కడో భూమి చీలి పైకి తన్నుకొచ్చిందని కొందరంటారు. కాదు, పశ్చిమ కనుమల దగ్గర పుట్టి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన దక్కన్ లావాయే అని ఇంకొందరు. నేను రెండో వైపే. కాకపోతే దాన్ని సమర్థించేవాళ్లు చాలామంది "ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) కలిశాయి కదా" అని అక్కడితో ఆపేస్తారు, అది చాలదు.

స్ట్రాన్షియం సంగతి చూడండి. రుబీడియం-87 అతి నెమ్మదిగా, సుమారు 4,900 కోట్ల ఏళ్ల అర్ధాయువుతో, స్ట్రాన్షియం-87గా మారుతుంది. ఖండాల పాత రాళ్లలో రుబీడియం ఎక్కువ కాబట్టి వాటిలో స్ట్రాన్షియం 87/86 నిష్పత్తి పెరుగుతూ పోతుంది, భూమి పైపెంకు కింద లోతున ఉండే మాంటిల్‌లో తక్కువగానే ఉండిపోతుంది. రాయి కరిగినా మళ్లీ గడ్డకట్టినా ఆ నిష్పత్తి మారదు, పైకొచ్చే దారిలో వేరే రాతిని కలుపుకుంటే తప్ప. అందుకే పశ్చిమ కనుమల్లో అంబెనలి అనే లావా పొరలు 0.704 దగ్గర ఉంటే, వాటి కిందున్న, పాత ఖండపు రాతిని కలుపుకున్న బుషే పొరలు 0.713 దాటుతాయి. చూడ్డానికి చిన్న తేడాయే గానీ, ఐదో దశాంశం దాకా కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఇది చాలా పెద్ద తేడా.

తేడా కనిపించినప్పుడు ఈ పద్ధతికి తిరుగులేదు. హవాయిలో మౌనా లోవా, కిలవేయా పక్కపక్కనే ఉంటాయి, 2022 చివర్లో రెండూ ఒకేసారి లావా కక్కాయి కూడా. అయినా వాటి సీసం, స్ట్రాన్షియం నిష్పత్తులు వేరు, అంటే రెంటికీ అందే సరుకు వేరు.

నిష్పత్తులు కలిసినప్పుడే చిక్కు. రాజమండ్రి కింది ప్రవాహం అంబెనలితో, పైది ఆ కనుమల్లోనే అంబెనలి పైనున్న మహాబలేశ్వర్ పొరలతో రసాయనికంగా సరిపోతాయి. కానీ ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఒకే ఇంటివాళ్లయిపోరు, ఒకే రకం మాంటిల్ కరిగి రెండు చోట్ల పైకి రావచ్చు. పైగా అప్పట్లో ఇది సముద్రపు ఒడ్డు. కింది ప్రవాహం అడుగున సముద్రపు అవక్షేపాలున్నాయి, ఉప్పునీరు రాతిలోకి ఇంకితే స్ట్రాన్షియం లెక్క తారుమారవుతుంది. ఆమ్లంతో కడిగి కొలుస్తారనుకోండి, అయినా ఉప్పునీటికి అంతగా చెదరని నియోడిమియం అనే మూలకాన్ని కూడా చూడకుండా స్ట్రాన్షియం ఒక్కదాన్నే పట్టుకుని వాదించేవాళ్లను నేను నమ్మను.

నన్ను ఒప్పించింది అయస్కాంత సాక్ష్యం. ఇక్కడ కింది ప్రవాహం గడ్డకట్టినప్పుడు భూమి అయస్కాంత ధ్రువాలు తిరగబడి ఉన్నాయి, పైది గడ్డకట్టే నాటికి ఇప్పటిలాగే ఉన్నాయి. అక్కడ కనుమల్లోనూ అంబెనలి తిరగబడిన కాలానిది, ఆ మార్పు మహాబలేశ్వర్ పొరల్లోనే కనిపిస్తుంది. రసాయనం, వరస, కాలం మూడూ ఇలా కాకతాళీయంగా కుదరడం కష్టం. అంత దూరం లావా చల్లారకుండా ఎలా వచ్చిందంటారా? పైన పెంకు కడితే లోపలి వేడి అంత తేలిగ్గా పోదు.

ఒక్క లోటు మాత్రం ఉంది. మధ్యలో వందల కిలోమీటర్లు ఈ ప్రవాహాల జాడ లేదు, కోతకు కొట్టుకుపోయిందనే చెప్పుకోవాలి. రేపు గోదావరి జిల్లాల్లో ఈ లావాకు దారిచ్చిన డైక్ (లావా పైకొచ్చిన చీలికలో గోడలా గడ్డకట్టిన రాయి) ఒకటి బయటపడి, దాని సీసం, నియోడిమియం నిష్పత్తులు పై రాతితో కలిస్తే నా వాదన వదిలేస్తాను.