శ్రీ ‘నలుగురూ ఏమనుకుంటారో’ గారి సముఖానికి

ఆయ్, నమస్కారమండి.

వేసవిలో కాలవలు కట్టేస్తారు. లాకులక్కూడా కొన్నాళ్లు విశ్రాంతి. మా లోపల కూర్చుని తప్పులెంచే గొంతు తమరు, తమరికి అదీ లేదు. తెల్లారగట్ల మూడింటికి లేపి, ‘పెళ్లిలో ఆ మాటెందుకన్నావ్? అమలాపురమంతా నవ్వుకునుంటుంది’ అంటారు. అమలాపురానికి అంత తీరిక లేదండి, కొబ్బరి ధర గొడవలో ఉంది.

ఇన్నాళ్లూ తమరికి వేసిన మందు ‘పాజిటివ్‌గా ఆలోచించు’. దానికి పతంజలి సంతకం కూడా పెట్టించారు: ‘వితర్కబాధనే ప్రతిపక్షభావనమ్’, యోగసూత్రాల్లో సాధనపాదం 33వ సూత్రం. చెడ్డ తలపులు (వితర్కాలు) బాధిస్తే వాటికి ఎదురు భావన చెయ్యమని. కిందున్న 34వది చదివే నాథుడు లేడు. వితర్కాలంటే హింస వగైరా అని అందులోనే ఉంది. తనని తాను తిట్టుకోవడమూ ఆ పద్దులోదేనని మా వాదన. అది లోభంతో పుట్టిందా, క్రోధంతోనా, మోహంతోనా, ఎంత జోరుమీదుంది, చివరికి ఏం మిగులుస్తుంది అని చూడటమే ప్రతిపక్షభావన. అవేవీ చూడకుండా అద్దం ముందు ‘నేను గొప్పవాణ్ణి’ అనుకోవడమంటే గుర్రపుడెక్కని నరికి ముక్కలు కాలవలోనే వదిలేయడం. మళ్లీ లాకు దాకా అల్లుకుంటుంది.

అందుకని రిచర్డ్ ష్వార్ట్జ్ అనే అమెరికా చికిత్సకుడు 1980లలో మొదలెట్టిన ‘ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్’ పద్ధతి అరువు తెచ్చుకున్నాం. ఆయన లెక్కలో మనసులో ఒక్కరు కాదు, చాలామంది ఉంటారు; అందులో తమరు శత్రువు కాదు, మేనేజరు. ఎప్పుడో నలుగురిలో నగుబాటైన చిన్నపిల్లని వెనకగదిలో పెట్టి కాపలా కాస్తున్నారట.

ఇకమీదట ముందు ఐదు నిమిషాలు ఊపిరి: నాలుగు అంకెలు లోపలికి, ఆరు బయటికి. తమరు గొంతులో ఉన్నారో పొట్టలో ఉన్నారో వెతుకుతాం. ‘ఈయన మీద నాకేమనిపిస్తోంది?’ అని మమ్మల్ని మేమే అడుగుతాం. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ‘చిరాకు’ అని జవాబొస్తే, ఆ అడిగింది లోపల నిమ్మళంగా ఉండే ‘సెల్ఫ్’ కాదు, ఇంకో మేనేజరు. ఆ చిరాకుని కాసేపు గట్టుమీద కూర్చోమనాలి. తమరి సంగతేమిటో వినాలనిపించాకే అసలు ప్రశ్న: ‘ఈ పని మానేస్తే ఏమైపోతుందని మీ భయం?’ జవాబు మేం కల్పించం, వచ్చిందాకా ఆగుతాం. 34వ సూత్రం ఆ తరవాతే.

(ష్వార్ట్జ్ చెప్పే ‘సెల్ఫ్’, సాంఖ్యదర్శనంలో ‘పురుషుడు’ అనే లోపలి సాక్షి ఒకటేనని కొందరు కలిపేస్తున్నారు. పురుషుడు ఊరికే చూస్తాడు. సెల్ఫ్ పలకరిస్తుంది, ఓదారుస్తుంది.)

వెనకగది తలుపు మాత్రం ఒంటరిగా తియ్యం. ఒళ్లు వణికితే కళ్లు తెరిచి, పాదాలు నేలకానించి, అక్కడితో ఆపేసి సైకాలజిస్టు దగ్గరికి వెళ్తాం.

తమర్ని ఉద్యోగంలోంచి తియ్యట్లేదండి. పెళ్లిపిలుపుల జాబితా రాయడానికి తమరంత జాగ్రత్తపరులు దొరకరు. మూడింటి షిఫ్టు మాత్రం రద్దు.

ఇట్లు,
లోపలున్న మిగతా నలుగురూ