దిగక తప్పదు, ఎగరకపోతే ఏం పోతుంది?

చిన్న విమానం గాల్లో ఉండగా ఈదురుగాలి లేచిందంటే పైలట్ చేతిలో పెద్దగా ఏమీ ఉండదు, పెట్రోలు అయిపోయేలోపు ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. నేల మీద ఉన్నప్పుడు అలా కాదు. అందుకే టేకాఫ్‌లో గాలికి కూలిన విమానం గురించి చదివినప్పుడల్లా, ఆ రోజు వాళ్ల ప్రోగ్రాం ఏమిటో ముందు వెతుకుతాను.

జెస్సికా డుబ్రాఫ్ సంగతే చూడండి. ఏడేళ్ల పాప. అమెరికాను ఈ కొస నుంచి ఆ కొసకు తనే విమానం నడుపుతూ చుట్టి రావాలని 1996 ఏప్రిల్‌లో తండ్రితో, ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి కాలిఫోర్నియాలో బయల్దేరింది. సెస్నా 177బీ, ఒక్కటే ఇంజిన్. ఎక్కడ దిగితే అక్కడ టీవీ కెమెరాలు. రెండో రోజు, ఏప్రిల్ 11 ఉదయం, వయోమింగ్‌లోని షయెన్‌లో ఉరుముల మబ్బు రన్‌వే మీదికి వచ్చేస్తోంది. 20 నాట్ల గాలి (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్ల వేగం), విసురు వచ్చినప్పుడు 30. అప్పుడే ఎగిరిన మరో సెస్నా పైలట్ తన స్పీడు 15 నాట్లు అటూ ఇటూ ఊగుతోందని చెబితే, ఎయిర్‌పోర్టు కంట్రోల్ టవర్ ఆ మాట వీళ్లకు చేరవేసింది కూడా. అయినా ఎగిరారు. కాసేపటికే ఇళ్ల మధ్య కూలి ముగ్గురూ చనిపోయారు.

'20, విసురులో 30' అని వినగానే చాలామందికి 30 అంటే భయం. అసలు చిక్కు ఆ రెండింటి మధ్య ఉన్న 10తో. ఎదురుగాలి విసురు రెక్కకు ఉచితంగా వేగం ఇస్తుంది, విమానం ఉత్సాహంగా లేస్తుంది, మరుక్షణం ఆ విసురు ఆగిపోతుంది. 65 నాట్ల మీదున్న విమానం ఒక్కసారిగా 55కి పడితే, రెక్క కోణం మారనంతసేపు, ఎత్తే బలం నాలుగో వంతుకు పైగా పోతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. అందుకే గాలికీ విసురుకీ ఉన్న ఆ తేడాలో సగాన్ని మామూలు వేగానికి కలిపి, ఇంకాస్త నేల మీదే పరుగెత్తించి లేపమంటారు.

షయెన్‌లో దానికి తోడు ఇంకొన్ని ఉన్నాయి. ఊరే 6 వేల అడుగుల పైన ఉంది, గాలి పలచన. బరువు పరిమితికన్నా 96 పౌండ్లు, అంటే 43 కిలోల పైనే ఎక్కువ. లేవగానే మబ్బుకు దూరంగా కుడివైపు తిరిగారు, దాంతో గాలి వెనక నుంచి వీచింది. వెనకగాలిలో కింద నేల వేగంగా జరుగుతుంటుంది కాబట్టి బోలెడంత స్పీడు ఉందనిపిస్తుంది, రెక్కకు తగిలే గాలి మాత్రం అంత ఉండదు. స్టాల్ అయింది, అంటే రెక్కకు విమానాన్ని ఎత్తే బలం పోయింది.

విమానం నడిపింది పాప కాదని, ఇన్‌స్ట్రక్టరేనని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. మీడియాకు ఇచ్చిన మాటల వల్ల కూడా బిగిసిపోయిన షెడ్యూలును పట్టుకు వేలాడటాన్ని కారణాల్లో చేర్చింది. మరి అమెరికా కాంగ్రెస్ ఏం చేసింది? లైసెన్సు లేని పిల్లలతో రికార్డుల కోసం విమానాలు నడిపించకూడదని అదే ఏడాది చట్టం చేసింది. మంచిదే, కాదనను. కానీ ఆ ఉదయం అదే సీట్లో నలభై ఏళ్ల మనిషి కూర్చున్నా విమానం కూలేది!

మన పిల్లలు ఇక్కడో అమెరికాలోనో పైలట్ కోర్సులో చేరుతున్నారు. మన దగ్గర కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, ప్రతి గంటా డబ్బే, రోజు పోయిందంటే టెన్షనే. ఫీజు కట్టే ముందు స్కూలువాళ్లను ఒకటి అడగండి: విసురు ఎన్ని నాట్లు దాటితే సోలో (విద్యార్థి ఒక్కడే ఎగరడం) ఆపేస్తారు, అలా ఆపేసిన రోజుకు డబ్బులు పట్టుకుంటారా?