9999లోంచి 9999 తీసేస్తే

మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి 9999 దిగింది. దాని వెనకాల ఒక కారు కూడా ఉంది. తప్పేం లేదు; ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో 2024లో ఒక 9999 పాతిక లక్షలు దాటి పలికిన ఊరు మనది.

టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు, పక్కన న్యూమరాలజీ గురువుగారు. “నాలుగు తొమ్ములు ముప్పై ఆరు. మూడూ ఆరూ తొమ్మిది. తొమ్మిదంటే కుజుడు సార్, ఇక మీకు తిరుగులేదు” అన్నారాయన. ఓనరుగారు కళ్లు మూసుకుని దండం పెట్టారు. నాకు ఆగలేదు. “ఒకటి నుంచి 9999 దాకా, కూడితే తొమ్మిదికి దిగేవి 1111 నంబర్లున్నాయి కదండీ. 6174 తీసుకున్నా పద్దెనిమిది, ఒకటీ ఎనిమిదీ తొమ్మిదే కదా?” అన్నాను. ఆయన తొణకలేదు. “ఆ తొమ్మిది వేరండీ.”

నిజమే, వేరు. 6174కి ఒక గమ్మత్తుంది. పాలపాకెట్ల కుర్రాడి స్కూటర్ నంబరు 3524. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చితే 5432, తిరగేస్తే 2345. తీసేస్తే 3087. మళ్లీ అలాగే చేస్తే 8352. ఇంకోసారి చేస్తే 6174. అక్కడితో సరి: 7641లోంచి 1467 పోతే మళ్లీ 6174. అంకెలన్నీ ఒకటే అయినవి తప్ప, ఏ నాలుగంకెల నంబరైనా (ముందు సున్నా వస్తే దాన్నీ ఉంచుకుంటూ) ఏడు తీసివేతల్లోపే ఇక్కడికి చేరాల్సిందే. నాసిక్ దగ్గర దేవళాలిలో కాప్రేకర్ అనే బడిపంతులు 1940ల్లో దీన్ని పట్టుకున్నాడు. ఆయన నిమ్మకాయలేమీ వాడలేదు.

మరి 9999? పెద్దగా పేర్చినా అదే, చిన్నగా పేర్చినా అదే. తీసేస్తే గుండుసున్నా. 1111, 7777 లాంటి ఫ్యాన్సీ ప్రముఖులందరిదీ ఇదే గతి. కుజుడు కూడా ఆదుకోడు.

ఈ తీసివేతలు పూజ సామాన్ల అట్టపెట్టె మీద వేసింది ఓనరుగారి అబ్బాయే. ఎనిమిదో క్లాసు. వాళ్ల అమ్మ బండి నంబరుతో వేశాడు, 6174. పక్క బండితో వేశాడు, మళ్లీ అదే. “ఎందుకలా వస్తుంది డాడీ?” అని ఎగిరాడు. “సిలబస్‌లో ఉందా అది? ఫౌండేషన్ క్లాసుకి టైమైంది, పద.”

కుజుడి లెక్క మాత్రం ఏ సిలబస్‌లో ఉందయ్యా? ఆ పిచ్చి కూడికకి చేతులు జోడించినవాడివి, కన్నకొడుకు అడిగిన అసలు ప్రశ్నకి నోరు మూయిస్తావా? వాడికి లెక్కలంటే ఇష్టం పుట్టింది ఆ ఒక్క నిమిషమే కావచ్చు, దాన్ని కూడా తొక్కేశావు. లక్షల ఫీజు కట్టి రేపు వాడికి కొనిపెట్టేది ర్యాంకు, అంతే.

రవాణా శాఖవారికి నాదొక మనవి. 6174ని కూడా వేలానికి పెట్టండి. డిపాజిట్ వద్దు. కౌంటర్ దగ్గర ఒక తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి తీసివేత చేసి చూపించమనండి. ఫోన్లు బయటే పెట్టించండి. గురువుగార్లని కూడా.