చావు చచ్చింది, కౌంటరు బతికింది

మరణాన్ని జయించిన నాగరికత ఎలా ఉంటుందో తెలుసుకుందామన్న సదుద్దేశంతో 2018 నాటి ‘ఆల్టర్డ్ కార్బన్’ సిరీస్‌ను మరోసారి చూశాను. అందులో మనిషి చైతన్యమంతా మెడ వెనుక అమర్చిన ‘స్టాక్’ అనే బిళ్ళలో ఉంటుంది. శరీరం పాడైతే బిళ్ళను తీసి ఇంకో శరీరంలో పెడతారు. శరీరానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘స్లీవ్’, అంటే తొడుగు. పరకాయ ప్రవేశం చివరికి బట్టల కొట్టు వ్యవహారమైందన్నమాట.

మొదటి ఎపిసోడ్‌లోనే, ఎవరో వాహనంతో గుద్ది పారిపోగా చనిపోయిన ఒక చిన్నపిల్లకు ప్రభుత్వం ఉచితంగా దేహదానం చేస్తుంది. తల్లిదండ్రులు ఆత్రంగా ఎదురుచూస్తుంటే, నడివయసు దాటిన ఒక స్త్రీ వచ్చి వాళ్ళను అమ్మా నాన్నా అని పిలుస్తుంది. ఇదేమిటని అడిగితే, ఉచితంగా ఇచ్చేది నిల్వలో ఉన్నదేననీ, ఇంతకంటే మంచిది కావాలంటే డబ్బు కట్టాలనీ, లేదంటే పిల్లను మళ్ళీ నిల్వలో పెట్టించుకోవచ్చనీ జవాబు వస్తుంది. ఇందులో అధికారుల తప్పు వెతకడం అన్యాయం. దేహం ఇస్తామన్నారు, ఇచ్చారు. వయసు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇకమీదట ఆ పాప మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ తొక్కుడుబిళ్ళ ఆడుకోవచ్చు, తల్లి తనకంటే పెద్దదైన కూతురికి జడ వేస్తూ నెరిసిన వెంట్రుకలు ఏరిపెట్టవచ్చు. ఎదిగే పిల్లకు గౌన్లు పొట్టివైపోతాయన్న బెంగ కూడా ఒక్క దెబ్బతో తీరిపోయింది!

అంతే, కథ అక్కడినుంచి లేచి, మూడు వందల ఏళ్ళు దాటిన లారెన్స్ బాన్‌క్రాఫ్ట్ అనే కుబేరుడి మేడకు పోతుంది. ఆయనకొచ్చిన కష్టం, ఎవరో ఆయనను హత్య చేశారు. ఆ మాట ఆయనే నిక్షేపంగా నిలబడి చెబుతాడు. 48 గంటలకొకసారి ఆయన చైతన్యానికి నకలు తీసి భద్రపరుస్తారు కనుక, తల పేలినా సొంత క్లోన్‌లో లేచి కూర్చున్నాడు. పోయినవల్లా ఆ చివరి గంటల జ్ఞాపకాలు. వాటికోసం, 250 ఏళ్ళుగా నిల్వలో పడి ఉన్న మాజీ సైనికుడు, మన కథానాయకుడు టకేషి కోవాచ్‌ను ఎవరి ఒంట్లోనో పెట్టి లేపి మరీ దర్యాప్తు చేయిస్తాడు.

ఆ సీజన్‌కు పది ఎపిసోడ్‌లండీ! రెండు రోజులు మరచిపోయిన ముసలాయనకు అంత కథ రాసిన చేతికి, సొంత ముఖమే పోగొట్టుకున్న పిల్ల రెండు నిమిషాల ముచ్చటగా కనిపించిందా? ఆ తల్లి ఆమెను ఇంటికి తీసుకుపోయిందో, తిరిగి నిల్వలో పెట్టమని ఏడుస్తూ సంతకం చేసిందో మనకు చెప్పనే చెప్పరు. డబ్బున్నవాడి దుర్మార్గాన్ని ఎండగడతామంటూ బయల్దేరి, వాడి గదుల్లోంచి బయటికి రాబుద్ధి కాని ఈ కథకులకు సిగ్గు లేదు.

2020లో రెండో సీజన్ వచ్చింది. కోవాచ్‌కు కొత్త శరీరం, దానితోపాటు కొత్త నటుడూ దొరికారు. నేను ఎనిమిది ఎపిసోడ్‌లూ జనం గుంపుల్లో ఆ నడివయసు పాప ముఖం కోసమే వెతుకుతూ కూర్చున్నాను.