ముఖ్యాంశాల ఉపసంఘం నివేదికపై కొన్ని అభ్యంతరాలు

బెంగళూరు మారతహళ్ళిలోని ఒక ఫ్లాటులో ఈమధ్య ఒక ఉపసంఘం ఏర్పాటైంది. సభ్యులు ఐదుగురూ మనవాళ్ళే, ఐదుగురూ ఇంజనీర్లే. అజెండా ఒక్కటే: ‘స్టార్ వార్స్: ది క్లోన్ వార్స్’ యానిమేషన్ సిరీస్‌లో ఏ కథలు చూడాలి, ఏవి వదిలెయ్యాలి? 2008లో మొదలై, మధ్యలో ఆగి, లేచి, 2020లో ముగిసిన ఈ సిరీస్‌లో 7 సీజన్లు, 133 ఎపిసోడ్లు. ఒక్కోటి 22 నిమిషాలు వేసుకున్నా దాదాపు 49 గంటలు. “అంత టైం ఎవడికుంది బ్రో?” అన్నదే సంఘం ప్రవేశిక.

వాళ్ళ టైం విలువను శంకించే ధైర్యం మనకు లేదు. సిల్క్ బోర్డు దగ్గర క్యాబులో కూర్చుని, ముందున్న బస్సు వెనకద్దం మీది దుమ్మును రోజూ అధ్యయనం చేసేవాళ్ళు వాళ్ళు.

ఈ పద్ధతి వెనక ఘనమైన శిక్షణ ఉంది. ఇంటర్ పరీక్షకు ముందురాత్రి ‘ఇంపార్టెంట్ క్వశ్చన్స్’ కాగితం చేతికందగానే పుస్తకాన్ని దిండు కింద పెట్టి పడుకున్న తరం ఇది. రెండు స్టార్లున్నది బట్టీ పట్టాలి, ఒక స్టారున్నది ఓసారి తిరగెయ్యాలి, స్టారు లేనిది సిలబస్‌లోనే లేదు. స్టార్ల యుద్ధానికి మాత్రం వేరే రూలెందుకు? ఎక్సెల్ షీటు తెరిచి పచ్చ, పసుపు, ఎరుపు రంగులు పులిమారు. పచ్చ అంటే చూడాల్సింది, పసుపు ఓసారి తిరగెయ్యాల్సింది, ఎరుపు వదిలెయ్యాల్సింది.

మొదటి సమావేశం ‘మొదటి ఎపిసోడ్ ఏది’ అన్నదానికే సరిపోయింది. ఇందులో సభ్యుల తప్పేమీ లేదు. కథాకాలం ప్రకారం ముందు చూడాల్సింది 2వ సీజన్‌లో 16వ ఎపిసోడ్. తర్వాత 1వ సీజన్‌లో 16వది. ఆ తర్వాత 2008 ఆగస్టులో ఇదే పేరుతో థియేటర్లకొచ్చిన సినిమా.

ఉంబారా అనే గ్రహం మీద జరిగే యుద్ధానికి మాత్రం చర్చ లేకుండానే పచ్చరంగు పడింది. సొంత సైనికులను పేర్లతో కాక నంబర్లతో పిలిచే జనరల్ క్రెల్‌ను చూడగానే ఐదుగురికీ ఎవరో గుర్తొచ్చారు. ఎవరన్నది మినిట్స్‌లో రాయలేదు.

మా ప్రధాన అభ్యంతరం ‘రూకీస్’ గురించి. 1వ సీజన్‌లో 5వ ఎపిసోడ్. సిరీస్ హీరోలు అనాకిన్, ఓబీవాన్ అలా వచ్చి ఇలా పోతారు గనుక ఎరుపు. ఓ మారుమూల చంద్రుడి మీద కాపలా కాసే కుర్ర క్లోన్ సైనికుల (ఒకే మనిషికి నకళ్ళుగా తయారైనవాళ్ళు) కథ అది. హెవీ అనేవాడు ఔట్‌పోస్టుతో పాటు తనూ పేలిపోతాడు. బతికిన వాళ్ళలో ఫైవ్స్ ఒకడు. ఆ ఫైవ్సే 6వ సీజన్‌లో క్లోన్ల మెదళ్ళలోని చిప్ సంగతి కనిపెట్టి, ఎవరూ నమ్మక, తన కెప్టెన్ రెక్స్ చేతుల్లో ప్రాణం వదులుతాడు. ఆ ఘట్టం పచ్చ. అందరూ కూర్చుని చూశారు. అయ్యాక అనంతపురం సభ్యుడు చిప్స్ ప్యాకెట్ పక్కనపెట్టి అడిగాడు: “ఇంతకీ వీడెవడప్పా?”

షీటు వెతికారు. ఎరుపులో దొరికాడు. రిమార్క్స్ కాలమ్‌లో ఏం రాసుకున్నారంటే: ‘పాత్రను సరిగ్గా పరిచయం చెయ్యలేదు. రైటింగ్ వీక్.’

5వ సీజన్‌లో వేలెడంత కల్నల్ వెంట డ్రాయిడ్లు ఏమీ లేని మైదానంలో నడుస్తూ పోయే నాలుగు ఎపిసోడ్ల పిట్టకథను ఏకగ్రీవంగా కొట్టేశారు. నిజం చెప్పాలంటే దాన్ని మేమూ వెనకేసుకు రాలేం. శ్రీకాకుళం సభ్యుడు మాత్రం అసమ్మతి పత్రం ఇచ్చాడు. తానెవరో మర్చిపోయి హోటల్లో గిన్నెలు కడుక్కునే గ్రెగర్ అనే కమాండో కనబడేది అందులోనే. “దీని తర్వాతి సిరీస్ రెబెల్స్‌లో ఈడు మళ్ళీ వస్తాడు. ఇక్కడ ఒగ్గేస్తే అక్కడ ఏటి అర్థమవుద్ది?”

దాంతో సవరణలు మొదలయ్యాయి. రూకీస్‌లో ఫైవ్స్‌తో పాటు బతికిన ఎకో చివరి సీజన్‌లో తిరిగొస్తాడు; అతడు పోయాడనిపించే సిటడెల్ కథను అందుకోసం చేర్చారు. దానికోసం రూకీస్. దానికోసం ఆ కుర్ర క్లోన్ల ట్రైనింగ్ చూపించే 3వ సీజన్ మొదటి ఎపిసోడ్. విలన్ మాల్ పునరాగమనం అర్థం కావాలంటే నైట్‌సిస్టర్స్ అనే మంత్రగత్తెల కథ తప్పదట. షీటు పైనుంచి కిందిదాకా వరిచేనైపోయింది.

ఎరుపులో ఇక తింగరి పాత్ర జార్ జార్ ఒక్కడే మిగిలాడు. ఓటింగ్ వచ్చే ఆదివారం. తీర్పు వెలువడేదాకా ఎవరూ ఒక్క ఎపిసోడ్ కూడా చూడరాదని సంఘం స్టే ఇచ్చింది.