కంప్యూటర్‌కి మర్యాద తగ్గింది

కంప్యూటర్ల సంఖ్య పెరిగింది, వేగం పెరిగింది, ధర దిగివచ్చింది. వాటికి దక్కాల్సిన మర్యాద మాత్రం ఘోరంగా పడిపోయింది. ఈ పతనం ఎప్పుడు మొదలైందన్న విషయం మీద నేను చాలాకాలం ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. కంప్యూటర్ గది బయట చెప్పులు విప్పడం మనం ఎప్పుడు మానేశామో, అప్పుడే.

ఇప్పటి పిల్లలు నమ్మరు కానీ 1990ల మొదట్లో విజయవాడలో కంప్యూటర్ ఉన్న ఏ కాలేజీలో చూసినా ఇదే వరస. ప్రిన్సిపాల్ గారి నెత్తిన టకటకలాడే ఫ్యాను, కంప్యూటర్ గారికి ఏసీ. కిటికీలకు దళసరి కర్టెన్లు, కింద కార్పెట్, తలుపు మీద ‘పాదరక్షలు బయట విడువవలెను’ అని బోర్డు. లోపల గట్టిగా మాట్లాడకూడదు. దుమ్ము పడితే ఫ్లాపీ డ్రైవు, అంటే ఫైళ్లు దాచుకునే ఫ్లాపీ బిళ్లని చదివే అర, పాడైపోతుందన్నది శాస్త్రీయ కారణం. ఆ దుమ్ము సాక్సులకి మాత్రం అంటదా అని ఎవరూ అడగలేదు. సాక్సుల నుంచి వచ్చేది వేరే ఉండేది, తలుపులు బిగించిన ఆ చల్లటి గదిలో దాన్ని క్లాసంతా సమానంగా పంచుకునేది.

మన ఊరిని ఊరికే బ్లేజ్‌వాడ అనలేదు. వేసవి సెలవుల్లో కంప్యూటర్ కోర్సుల్లో చేరిన వాళ్లలో చాలామంది ప్రోగ్రాములు రాసే బేసిక్ అనే భాష కోసం వచ్చారా, ఏసీ కోసం వచ్చారా అన్నది నాకిప్పటికీ అనుమానమే. తెలుగువాళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఎలా పైకొచ్చారో రాసేవాళ్లు లెక్కల మాస్టార్ల గొప్పతనం అంటారు, ఇంజనీరింగ్ కాలేజీలు అంటారు. రోహిణి కార్తెకి దక్కాల్సిన వాటా ఎవరూ ఇవ్వలేదు.

కంప్యూటర్ కాలేజీల్లోంచి ఇళ్లలోకి రావడమన్నది ముందు పరాయి దేశాల్లో జరిగింది. 1982లో అమెరికాలో కమడోర్ 64, ఇంగ్లండులో సింక్లెయిర్ వారి జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ వచ్చాయి. స్పెక్ట్రమ్ అంటే రబ్బరు మీటలున్న చిన్న కీబోర్డు, అంతే. తెర లేదు, టీవీకి తగిలించుకోవాలి. మెమరీ 48 కేబీ, చవక రకానికి 16. ప్రోగ్రాము మామూలు క్యాసెట్‌లో ఉంటుంది, టేప్ రికార్డర్‌లో పెట్టి దానికి వినిపించాలి. అయిదు నిమిషాలు కీచుమని అరిచాక, అదృష్టం బాగుంటే ఆట వస్తుంది. బాగోకపోతే టేప్ హెడ్డు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి. మన దగ్గర ఫారిన్‌లో బాబాయో మావయ్యో ఉన్న ఇళ్లలో తప్ప ఇది కనిపించేది కాదు. అలాంటి ఇంట్లో పొద్దున్నే సుప్రభాతం పాడిన టేప్ రికార్డరే సాయంత్రం ఈ కీచు వినిపించేది. పక్క వాటా వాళ్లు రెంటినీ సమదృష్టితో భరించేవాళ్లు.

1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం పెట్టి దేశంలో కొన్ని స్కూళ్లకి బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు ఇచ్చింది. బీబీసీ వారి కోసం ఏకార్న్ అనే కంపెనీ తయారుచేసిన మిషన్ అది. ‘బీబీసీ అంటున్నారు, మరి ఇందులో వార్తలు ఎన్నింటికొస్తాయి?’ అని అడిగిన హెడ్మాస్టర్లు ఉండే ఉంటారని నా నమ్మకం. అప్పుడు నవ్వుకున్నవాళ్లు, చేతిలో ఫోను పొద్దస్తమానం బ్రేకింగ్ న్యూస్ అని వణుకుతున్న ఈ కాలంలో, ఆ ప్రశ్నలో దూరదృష్టి ఉందని ఒప్పుకోవాలి.

ఇక మన ఇళ్లలోకి కంప్యూటర్ అసలుసిసలుగా దిగింది 1990ల నడిమి నుంచి. కొనడానికి చెప్పే కారణం ఊరంతటికీ ఒక్కటే: పిల్లల చదువు. ఉపకారణాలు రెండు. నాన్నగారు ఆఫీసు పని ఇంట్లో చేసుకోవచ్చు, అమ్మ పచారీ లెక్కలు రాసుకోవచ్చు. కంప్యూటర్‌లో పచారీ లెక్క రాసిన గృహిణిని నేను చూడలేదు. అది ఆన్ అయ్యి, ‘కందిపప్పు రెండు కిలోలు’ అని కొట్టేలోపు కొట్టుకెళ్లి తెచ్చేసుకోవచ్చు. పిల్లల చదువేమో, 60 నిమిషాల్లో రాజకుమార్తెను చెర విడిపించే ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆటతో మొదలయ్యేది, చాలా ఇళ్లలో అక్కడే పూర్తయ్యేది కూడా.

అయినా ఆ మర్యాదేమిటి! దానికో బల్ల, స్టెబిలైజర్, యూపీఎస్. మానిటర్‌కి ఒక తొడుగు, సీపీయూకి ఒకటి, కీబోర్డుకి ఒకటి. చుట్టాలొస్తే తొడుగు తీసి దర్శనం చేయించి మళ్లీ కప్పేవాళ్లు. ‘ఇది ఏం చేస్తుందిరా?’ అని పెద్దాయన అడిగితే ‘అన్నీ చేస్తుంది తాతయ్యా’ అని జవాబు. ఏదీ ఒకటి చేసి చూపించమంటే, సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. డబ్బాకి తాళం కూడా ఉండేది, దాని చెవి నాన్నగారి బీరువా తాళాల గుత్తిలో. తాళం పక్కన ‘టర్బో’ అని ఒక మీట. అదేదో వేగం పెంచేదని అందరూ మురిసిపోయేవాళ్లు. నిజానికి పాత ఆటలు కొత్త మిషన్ మీద మరీ పరిగెత్తకుండా, వేగం తగ్గించడానికి పెట్టింది. కంప్యూటర్‌ని కావాలని నెమ్మదిగా నడిపించడానికి ఒక మీట పెట్టుకున్న నాగరికత అది. ఇప్పుడు ఆ పని మీట లేకుండానే జరుగుతోంది.

దసరా వస్తే చెప్పక్కర్లేదు. అమ్మవారి ఊరు కదా, ఆయుధ పూజలో లారీలతో, లేతు మిషన్లతో సమానంగా కంప్యూటర్‌కీ పీట వేశారు. మానిటర్‌కి మూడు చోట్ల పసుపు కుంకుమ, పైన బంతిపూల దండ. బండికైతే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తారు, దీనికి చక్రాలు లేవు కనక కీబోర్డు ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. అక్షింతలు మీటల సందుల్లోకి దిగి, సంక్రాంతి దాకా ఒక్కొక్కటే బయటికి వచ్చేవి.

మడి సంగతి ఇంకా గట్టిది. పరాయివాళ్ల ఫ్లాపీ లోపల పెట్టకూడదు. పెడితే వైరస్ అంటుకుంటుంది. మన ఫ్లాపీ పరాయి కంప్యూటర్‌లో పెట్టాల్సి వస్తే అంచున ఉన్న గాడికి స్టిక్కర్ అంటించి పంపాలి, తిరిగొచ్చాక స్కాన్ చేసి శుద్ధి చేయాలి. ఆచారం ఇంత పకడ్బందీగా పాటించిన ఇళ్లలో కూడా ఆటల ఫ్లాపీలు మాత్రం వీధంతా తిరిగొచ్చేవి. పీసీల మీద పడ్డ తొలి వైరస్ ‘బ్రెయిన్’. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాశారు. తమ సాఫ్ట్‌వేర్‌ని దొంగ కాపీలు తీస్తున్నారని కోపం వచ్చి రాశామన్నారు. విశేషమేమిటంటే అందులో తమ పేర్లు, చిరునామా, ఫోన్ నంబరు కూడా పెట్టారు. చూశారా, వైరస్ రాసినవాడు కూడా అడ్రస్ ఇచ్చిన కాలం! ఇవాళ మన ఖాతా ఖాళీ చేసేవాడు ఓటీపీ అడుగుతాడు గానీ తన ఊరు పేరు చెప్పడు.

కంప్యూటర్ మాటకి అప్పుడున్న విలువ తెలియాలంటే కంప్యూటర్ జాతకం గుర్తు తెచ్చుకోవాలి. అదే పంచాంగం, అవే లెక్కలు, అదే ఏలినాటి శని. సిద్ధాంతిగారు చేత్తో రాసిస్తే ‘ఇంకొకళ్లకి కూడా చూపిద్దాం’ అనేవాళ్లు. అదే సంగతిని డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ జర్రు జర్రుమని గళ్ల కాగితం మీద కొట్టి ఇస్తే కళ్లకద్దుకున్నారు. మిషన్‌కి పక్షపాతం ఉండదని, పుట్టిన టైము సరిగ్గా ఇస్తే చాలని. ఆ టైము చెప్పేది, గోడ గడియారం ఆగిపోయిన సంగతి మర్చిపోయిన నాయనమ్మ. ఆ తర్వాత మనకి ఎంతో తెలివి వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. మనిషి చరిత్రలోనే ఇంతటి యంత్రం లేదన్నారు. మనవాళ్లు దాన్ని అడుగుతున్నది, గృహప్రవేశానికి ముహూర్తం.

అభివృద్ధిని కాదనే మొండివాణ్ణి కాదు నేను. అంకెలు తీసే మాట్లాడుతున్నాను. పెద్ద ఫ్లాపీలు పోయాక వచ్చిన గట్టి ప్లాస్టిక్ ఫ్లాపీ 1.44 ఎంబీ పట్టేది. మీ జేబులో ఉన్న 128 జీబీ ఫోన్‌లో సరుకంతా వాటిలోకి ఎక్కించాలంటే సుమారు 89 వేల ఫ్లాపీలు కావాలి. ఒకదాని పక్కన ఒకటి పేరుస్తూ పోతే ఎనిమిది కిలోమీటర్లు. అంటే ప్రకాశం బ్యారేజీ మీద ఇటు నుంచి తాడేపల్లి వైపు మూడుసార్లు వెళ్లి మూడుసార్లు తిరిగి రావచ్చు, ట్రాఫిక్ వాళ్లు ఒప్పుకుంటే. ఇంత గిడ్డంగి ఇచ్చారు కదా, ఏం నింపామయ్యా అని తెరిచి చూస్తే, గులాబీ మీద మంచు చుక్క, కింద ‘శుభోదయం’. ఆ గులాబీ ఒక్కటీ స్పెక్ట్రమ్ మెమరీలో పట్టదు. రేపు పొద్దున ఇంకో గులాబీ వస్తుంది.

ఇంకో లెక్క. 1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చింది. నడవడానికి కనీసం 4 ఎంబీ ర్యామ్ మెమరీ ఉండాలన్నారు. 2021లో విండోస్ 11 వచ్చింది. కనీసం 4 జీబీ ఉండాలన్నారు. సరిగ్గా 1,024 రెట్లు. అప్పుడు చాలామంది చేసిన పని ఉత్తరం టైపు చేయడం, పేకాట ఆడటం. ఇప్పుడూ ఉత్తరమే, పేకాటే. కాకపోతే పేకాట మధ్యలో ప్రకటనలు వస్తున్నాయి.

తెలుగు విషయానికొస్తే మాత్రం కొంచెం ముల్లు గుచ్చుకుంటుంది. ఒకప్పుడు కంప్యూటర్ మీద తెలుగు కావాలంటే అచ్చుకి కంప్యూటర్ మీద టైపు చేసిపెట్టే డీటీపీ సెంటర్‌కి పోవాల్సిందే. పుస్తకాల ఊరు, శుభలేఖల ఊరు కదా, విజయవాడలో వాటికి లోటులేదు. ఆ ఆపరేటర్ కుర్రాడు ఏ మీట నొక్కితే ఏ ఒత్తు పడుతుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. అదే ఫైలు ఆ ఫాంటు లేని ఇంకో మిషన్‌లో తెరిస్తే వధూవరుల పేర్లు ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన పిచ్చిగీతలయ్యేవి. తర్వాత కష్టపడి, ఏ మిషన్‌లోనైనా అక్షరాలు ఒకేలా ఉండేలా యూనికోడ్ అనే పద్ధతి తెచ్చారు, అందులో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు. విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే ఫాంటు వచ్చింది. ఇప్పుడు ప్రతి ఫోనుకీ తెలుగు వచ్చు. ఆ ఫోన్ మీద మనం ‘ఎలా ఉన్నారు’ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి పంపుకుంటున్నాం.

అన్నింటికన్నా బాధాకరం, మాట వినే గుణం పోవడం. విండోస్‌కి ముందు, ఆజ్ఞలు టైపు చేసి నడిపించే డాస్ రోజుల్లో నల్ల తెర మీద ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటూ మీ ఆజ్ఞ కోసం గంటలకొద్దీ ఎదురుచూసేది. తప్పు కొడితే ‘బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్’ అనేది. మొహం మీదే చెప్పేది, కానీ నిజం చెప్పేది. ఫ్లాపీ చదవలేకపోతే ‘అబార్ట్, రీట్రై, ఫెయిల్?’ అని మీ అభిప్రాయం కోరేది. ఇప్పుడేమో ‘అయ్యో, ఏదో పొరపాటు జరిగింది’ అంటుంది. ఏం జరిగిందో చెప్పదు, ఎవరి వల్ల జరిగిందో చెప్పదు. ఆఫీసులో ఫైలు పోయినప్పుడు గుమాస్తా ఇచ్చే సమాధానం ఇంతకన్నా వివరంగా ఉంటుంది. అప్‌డేట్ చేయమంటారా అని అడిగి రెండే మీటలు ఇస్తుంది: ఇప్పుడు, తర్వాత. ‘వద్దు’ అన్నది లేదు. పాదాలకి దణ్ణం పెట్టినంత కాలం మన మాట విన్నది, వెనక జేబులో పెట్టుకుని దాని మీదే కూర్చోవడం మొదలెట్టగానే మనకి ఆజ్ఞలిస్తోంది.

పాత కంప్యూటర్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు మన ఊళ్లో లేకపోలేదు. సత్యనారాయణపురంలో రిటైరైన మాస్టారొకాయన అటక మీద తన 486 రకం పాత కంప్యూటర్‌ని బట్టలో చుట్టి దాచుకున్నారు. ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చి పాత సామాన్ల అతన్ని పిలిచారు.

‘ఇది డీఎక్స్2 బాబూ, అరవయ్యారు మెగాహెర్ట్జ్.’

‘కిలోలు చెప్పండి మాస్టారూ.’

‘అప్పట్లో దీన్ని కొనడానికి పీఎఫ్ లోను పెట్టాను.’

‘డబ్బా ఇనుముకి వస్తుందండీ. టీవీ పెట్టె మాత్రం వద్దు, గాజుకి రేటు లేదు. మీరే ఎదురు డబ్బులిస్తే తీసుకెళ్తాను.’

డబ్బాకి రావాల్సింది ఫోన్‌లో వేస్తానన్నాడతను. మాస్టారి ఫోనేమో అప్‌డేట్ అవుతోంది. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు.

ఇలాంటి అవమానాలు ఇకముందు జరగకుండా ప్రభుత్వానికి ఒక విన్నపం చేస్తున్నాను. బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది. అందులో పాత శిల్పాల దగ్గర కొంచెం చోటు చేసి ఒక స్పెక్ట్రమ్, ఒక టీవీ, ఒక టేప్ రికార్డర్ పెట్టాలి. టికెట్ ఎంతైనా పెట్టుకోవచ్చు. లోపలికొచ్చిన వాళ్లు క్యాసెట్ పెట్టి, ఆట తెర మీదికి వచ్చేదాకా ఆ అయిదు నిమిషాలూ కుర్చీలో కూర్చోవాలి. ఆ కాసేపూ జేబులోంచి ఫోన్ తీయనివాళ్లకి టికెట్ డబ్బు పూర్తిగా వాపసు ఇచ్చేయాలి. దీనివల్ల ఖజానాకి ఒక్క రూపాయి కూడా నష్టం రాదని నాది పూచీ.